పసుపు రాసిన పుట్టి

మధ్యాహ్నం ఒంటి గంట నలభై నిమిషాలకు రాచరేవు పోలీస్ స్టేషన్ వరండాలో లింగస్వామి నా కాళ్ల మీద పడబోయాడు. నేను వెనక్కి జరిగాను. ముప్పై రెండేళ్లు ఖాకీ బట్టల్లో ఉండి, ఏఎస్సైగా దిగిపోయి, మూడేళ్లుగా నల్లగొండలో సొంతంగా డిటెక్టివ్ పని చేసుకుంటున్నదాన్ని. కాళ్ల మీద పడేవాళ్లను చూస్తే నాకు జాలికన్నా ముందు కోపం వస్తుంది. వంగి లేచే ఆ రెండు నిమిషాల్లో ఏదో ఒక పని అవుతుంది కదా.

"అక్కా, నా చెల్లె బతికే ఉన్నదని ఒక్కమాట చెప్పు," అన్నాడు.

"తెలవకుండ ఎట్ల చెప్త? లే ముందు. ఆఖరుసారి ఎప్పుడు మాట్లాడింది?"

"నిన్న పొద్దుగాల ఎనిమిదిన్నరకు. కోటగడ్డ జూసుకొని సాయంత్రం బస్సెక్కుత అన్నది. బస్టాండ్ల రాత్రిదాక నిలవడ్డ."

లింగస్వామి భువనగిరిలో బస్సు కండక్టర్. అమ్మానాన్నలు కూలి పనులు చేసి కన్నుమూస్తే చెల్లెలు రూపను ఇతనే చదివించాడు. ఆమె ఇప్పుడు కాలేజీలో హిస్టరీ పాఠాలు చెబుతుంది. మొన్న రాచరేవు చూడడానికి వచ్చింది. ఇక్కడ చూడాల్సినవి రెండు. డ్యామ్ కట్టినప్పుడు మునిగిపోతుందని రాయి రాయికీ నంబరు వేసి విప్పి, ఒడ్డు మీదికి తెచ్చి మళ్లీ పేర్చిన గుడి ఒకటి. ఊళ్లో దాన్ని నంబర్ల గుడి అంటారు. రెండోది కోటగడ్డ, అంటే కృష్ణ నడిమధ్యలో పాత కోట మిగిలిన చిన్న దిబ్బ. మామూలు రోజుల్లో లాంచీ మీద ఇరవై నిమిషాల్లో పోయి రావచ్చు. నిన్న తెల్లవారుజామున ఎగువన గేట్లు ఎత్తారు, కొత్త నీళ్లొచ్చాయి, లాంచీ ఆగిపోయింది. తొమ్మిదింటికి లాడ్జి నుంచి బయటికెళ్లిన రూప మళ్లీ కనబడలేదు.

లోపల సర్కిల్ ఇన్‌స్పెక్టర్ ప్రేమ్‌సాగర్ ఫ్యాన్ కింద కూర్చుని ఉన్నాడు. ఈ సర్కిల్‌కు వచ్చి నెల కూడా కాలేదు. ప్రొబేషన్‌లో ఉన్నప్పుడు నా స్టేషన్‌కే వచ్చాడు, పంచనామా రాయడం నేనే నేర్పాను. ఆ సంగతి అతనికి బాగా గుర్తుంది. అదే అతని బాధ.

"రిటైరైనోళ్లు మనవళ్లను ఆడించుకుంటరు గోపమ్మగారూ," అన్నాడు.

"నాకు మనవళ్లు లేరు సారూ. అందుకే మిమ్మల్ని సూసిపోదామని వచ్చిన."

అతను ముందున్న ఫైలు మూశాడు. "కేసు అయిపోయింది. చేసినోడు లాకప్‌ల ఉన్నడు. శవం కోసం గజ ఈతగాళ్లను దిగువకు పంపిన."

శవం అన్న మాట వరండాలోకి వినబడింది. లింగస్వామి గోడ పట్టుకుని కిందికి జారాడు.

"గింత జల్ది ఎట్ల తేలింది?"

"సూడు." వేళ్లు మడుస్తూ చెప్పాడు. "కొత్త నీళ్లొచ్చిన దినం ఈడి జాలర్లు పుట్టిని, గా గుండ్రటి బుట్ట పడవను, నది మీదికి దింపరు. ఒడ్డు మీద బోర్లేసి పెడ్తరు. ఆడోళ్లొచ్చి దాని అడుగుకు పసుపు రాసి, ఐదు కుంకుమ బొట్లు పెట్టి గంగమ్మకు మొక్కుతరు. ఇగ మూడొద్దులు తిరగెయ్యరు. ఒడ్డు మీద ఏడు పుట్లున్నయి. ఆరిటికి పసుపున్నది. ఒక్కటి ఉత్త డాంబరుతోని నల్లగున్నది. అది జానీ అనేటోనిది. ఎందుకు లేదు పసుపు? నీళ్లల్ల దింపితె కడుక్కపోయింది. అండ్లనే అమ్మాయి చున్నీ దొరికింది. సాక్షి కూడ ఉన్నడు."

సాక్షి మూలన బెంచీ మీదే ఉన్నాడు. పేరు రఘుపతి. యాభై ఐదేళ్ల మనిషి, తెల్ల చొక్కా. రూప దిగిన లాడ్జి ఆయనదే, నంబర్ల గుడి కమిటీకి పెద్ద కూడా. పొద్దున్నుంచి స్టేషన్‌లో అందరికీ టీలు తెప్పిస్తున్నాడట. లింగస్వామికి భోజనం పొట్లం కూడా పంపాడు, అతను ముట్టలేదు.

"ఎన్నింటికి సూసిన్రు సారూ?"

"తొమ్మిదిన్నర మేడమ్. ట్యాంకు నిండిందా లేదా అని లాడ్జి డాబా ఎక్కిన. నది మీద పుట్టిల ఆమె కూసోని పోతాంది."

"నడిపింది జానీయేనా?"

"మొఖం కనవళ్లే. అబద్ధమెందుకు చెప్త? పసుపు లేని పుట్టి, గదొక్కటి మాత్రం పక్కా. వరదల గిట్ల పోవద్దమ్మా అని నేనే చెప్పిన. వినలే." ఆయన కళ్లు తడిశాయి.

పసుపు లేని పుట్టి, తొమ్మిదిన్నర అని నోట్‌బుక్‌లో రాసుకున్నాను. అక్కడే ఆగి అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ తడి కళ్లు చూసి అడగలేదు. ఎవరైనా కానిస్టేబుల్ ఆ పని చేస్తే చెడామడా తిట్టేదాన్ని.

లాకప్‌లో జానీ మోకాళ్ల మీద తల పెట్టుకుని ఉన్నాడు. కింది పెదవి చిట్లింది. నలభై ఏళ్లుంటాయి.

"పసుపు ఏమైంది?" అని అడిగాను.

"మాది చర్చి మేడమ్. మా ఇంట్ల పసుపు రాయరు. మా నాయిన నాటి నుంచి మా పుట్టి ఉత్తగనే ఉంటది. ఊరందరికి ఎరుక. కొత్త సారుకు చెప్తె కొట్టిండు."

"పసుపు పట్టింపు లేనోనివి, నీళ్లల్ల దింపి ఉంటవు."

"ఎర్ర నీళ్లల్ల మొద్దులు కొట్టుకొస్తయి మేడమ్. పసుపున్నా లేకున్నా పానం అందరిది ఒక్కటే. నేను ఇంట్ల పండుకున్న. చున్నీ ఎవడేసిండో యేసుకెరుక."

"తొమ్మిదింటికి ఒడ్డు మీద ఎవరెవరున్నరు?"

"ఒక్కలు లేరు. ఎనిమిదిన్నరకే పసుపు రాసి, అందరు గంగమ్మ గద్దె కాడికి బువ్వలకు పోయిన్రు. పన్నెండుదాక రారు."

మూడు గంటలసేపు ఒడ్డు ఖాళీ. నా గొంతు నాకే గట్టిగా వినబడింది. "జానీ, ఆమెను ఎవడన్న కోటగడ్డ మీద దింపి వదిలేసిండు అనుకో. బతికి ఉంటదా?"

అతను తలెత్తాడు. "ఈత రాకుంటె ఆడనే ఉంటది. కాని రేవుల మెట్లున్నయి గద, మీదికెంచి లెక్కవెట్టున్రి. నీళ్లు పద్నాలుగో మెట్టు ఎక్కినయంటె కోటగడ్డ మీద మండపం కప్పు కూడ మునుగుతది. ఏటా సూస్తం."

రెండు గంటల ఐదు నిమిషాలకు నేను రేవులో ఉన్నాను. పైనుంచి మెట్లు లెక్కపెట్టాను. నీళ్లు పదిహేడో మెట్టు మీద ఉన్నాయి. అంటే ఇంకా మూడు మెట్లు. లింగస్వామి కూడా లెక్కపెట్టాడు. ఒకసారి కాదు, నేను పుట్టీల దగ్గర ఉన్నంతసేపూ లెక్కపెడుతూనే ఉన్నాడు.

ఏడు పుట్టీలూ వరసగా బోర్లించి ఉన్నాయి. జానీది చివరిది, నల్లగా. దాని అడుగున చెయ్యి వేసి రుద్దాను. పొడి దుమ్ము, ఎండిన పాత నాచు తప్ప ఏమీ లేదు. నిన్న వరద నీళ్లు తాకి ఉంటే ఎర్రటి ఒండ్రు అంటుకోవాలి. లేదు. ఇది కదలని పుట్టి.

మిగతా ఆరింటినీ గోటితో గీరుతూ వచ్చాను. ఐదింటికి పసుపు నేరుగా డాంబరు మీదే ఉంది. ఎడమ నుంచి నాలుగో దానికి పసుపు మరీ మందంగా, ముద్దలు ముద్దలుగా ఉంది. పెచ్చు లేపితే కింద ఎర్ర ఒండ్రు. ఒండ్రు కింద డాంబరు మీద తెల్లటి గీతలు. నాలుక మీద పెట్టుకుని చూశాను. సున్నం.

ముందు వరదలోకి వెళ్లింది, తర్వాత పసుపు పూసుకుంది.

ఆ పుట్టి పుల్లమ్మది అన్నారు. రేవు పైన రెండో గుడిసె. గడపలో చింపిరి జుట్టుతో కూర్చుని ఉంది.

"పుల్లమ్మా, నీ పుట్టికి పసుపు రాసిందెవరు?"

ఆమె ఒక్క ఉదుటున లేచింది. "ఏం మాట్లాడుతున్నవమ్మా నువ్వు? మా బావ సచ్చిపోయి ఆరొద్దులు. మైల ఇంటి పుట్టికి పసుపు రాస్తరా ఎవలన్న? పదకొండు దినాలు కావాలె. నిన్న పొద్దుగాల ఉత్తగ బోర్లేసే ఉన్నది. నా కోడలు దూరంకెంచి కండ్లార సూసొచ్చింది."

"ఇప్పుడు పసుపున్నది. ఐదు బొట్లు కూడ ఉన్నయి."

"ఓ గంగమ్మా! ఎవడు చేసిండు గీ పాపం?" నెత్తి కొట్టుకుంది. "మా జాలరోళ్లెవరు చెయ్యరు. సంపినా చెయ్యరు."

అదే నాకు కావలసిన మాట. నిన్న ఒడ్డు మీద పసుపు లేని పుట్టీలు రెండున్నాయి, ఒకటి కాదు. ఎవడో పుల్లమ్మ పుట్టిని వాడుకున్నాడు. మైల ఇంటివాళ్లు ఒడ్డుకు రారు కాబట్టి అడిగేవాళ్లుండరు. తిరిగొచ్చాక దానికి పసుపు పూసి వరసలో కలిపేశాడు, జానీది ఒక్కటే నల్లగా మిగిలేలా. చాలా తెలివైనవాడు. కానీ జాలరి ఇంట్లో పుట్టినవాడు కాదు. చావు జరిగిన ఇంటి పుట్టి ఉత్తగానే ఉండాలని వాడికి తెలియదు.

"సున్నం ఎక్కడుంటది పుల్లమ్మా? ఈ ఒడ్డంత మట్టేనాయె."

"కోటగడ్డ పాత మెట్లకుంటది. పుట్టి ఆడ్నే ఆనుతది. ఇంకెక్కడ ఆనేటందుకు జాగా లేదు."

అప్పుడే రేవు మైకులో దండోరా వినబడింది. ఎగువన ఇంకో నాలుగు గేట్లు ఎత్తారు, ఎవరూ నది దగ్గరికి రావద్దు.

నేను మెట్ల దగ్గరికి పరుగెత్తేసరికి రెండు ముప్పై ఐదు. నీళ్లు పదహారో మెట్టు మీద. నా వయసుకు పరుగు మంచిది కాదని డాక్టర్ చెప్పాడు, ఆయన ఇవాళ ఇక్కడ లేడు. ప్రేమ్‌సాగర్ కూడా రేవుకు వచ్చాడు, పక్కన రఘుపతి. నాకు తెలిసింది ఊపిరి అందక ముక్కలు ముక్కలుగా చెప్పాను.

"పసుపు గీరి మనిషిని బతికిస్తున్నవా?" అన్నాడు ప్రేమ్‌సాగర్. "పడవలు దింపొద్దని ఆర్డరున్నది. ఇంకో మూడు పానాలు పోతె జవాబెవరిస్తరు? నువ్వా?"

మా మాటల మధ్యలో నీళ్ల చప్పుడు. లింగస్వామి నడుం లోతులో ఉన్నాడు. ఈత రాదు అతనికి. చెప్పులతోనే నడుస్తూ పోతున్నాడు. ఇద్దరు కానిస్టేబుళ్లు దిగి రెక్కలు పట్టి లాక్కొస్తే మట్టి మీద పడి చేతులతో నేలను కొడుతూ ఏడ్చాడు. "ఆడ ఉన్నదంటున్నరు గదరా! ఉన్నదంటున్నరు గద!"

నాకు ఒళ్లు మండిపోయింది. "ప్రేమ్‌సాగర్! పంచనామా నేర్పింది నేనే. ఇప్పుడొకటి రాయి. రెండు ముప్పై ఏడుకు, అమ్మాయి కోటగడ్డ మీద ఉన్నదని గోపమ్మ చెప్పింది. నేను పుట్టి ఇయ్యలేదు. కింద సంతకం పెట్టు. రేపు అమ్మాయి ఆ గడ్డ కాడ తేలితె గా కాగితం నేనే సదువుత, అందరి ముంగట."

అతను నీళ్ల వైపు, మెట్ల వైపు చూశాడు. మనిషి చెడ్డవాడు కాదు, తొందరపాటు మనిషి. "జానీని నీ పూచీ మీద ఇడుస్త," అన్నాడు చివరికి. "వాడు పారిపోయినా, మీరు మునిగినా నాకు సంబంధం లే."

జానీని తెచ్చారు. తన పుట్టిని తానే తిరగేశాడు. మిగతా జాలర్లు దూరం నుంచి చూశారు, మొక్కు తీరనిదే వాళ్లు దిగరు. రఘుపతి లాంచీలోంచి మూడు లైఫ్ జాకెట్లు తెప్పించాడు. నా జాకెట్ పట్టీ తన చేత్తోనే బిగించాడు.

"నేరుగ కోటగడ్డకేనా మేడమ్?"

"నేరుగ గడ్డకే. అమ్మాయి నోటితోనే ఇంటం ఎవడు తీస్కపోయిండో," అన్నాను నలుగురికీ వినబడేలా.

"జాగ్రత్త," అన్నాడు ఆయన.

కొత్త నీళ్ల మీద పుట్టి నిలవదు, గిరగిరా తిరుగుతుంది. జానీ మోకాళ్ల మీద కూర్చుని తెడ్డుతో ఎదురు తిప్పుతుంటే అడుగుకు అడుగు ముందుకు పోయాం. ఒక వేపమొద్దు వేళ్లతో సహా మా పక్కనుంచి పోయింది. లింగస్వామి రెండు చేతులతో నీళ్లు తోడి పోస్తూ "రూపా, రూపా" అని గొణుగుతున్నాడు. నేను అంచు పట్టుకుని కిందికి చూస్తున్నాను. ఎర్రటి నీళ్లు అంచుకు జానెడు కిందివరకూ ఉన్నాయి. పుట్టి అడుగు ఎక్కడో ఆ బురద నీళ్లలో ఉంది.

అప్పుడు తట్టింది నాకు.

పసుపు రాసేది పుట్టి అడుగుకు. నీళ్లలో ఉన్న పుట్టి అడుగు పక్కన కూర్చున్న నాకే కనబడడం లేదు. అర కిలోమీటరు అవతల, లాడ్జి డాబా మీద ఉన్నవాడికి పసుపు లేదని ఎలా కనబడింది? పుట్టిని తన చేతులతో తిరగేసినవాడికి మాత్రమే ఆ సంగతి తెలుస్తుంది.

"రఘుపతి," అన్నాను పైకే. ఫోన్ తీశాను. సిగ్నల్ లేదు. వెనక్కి చూస్తే రేవు మీద మనుషులు చీమలంత ఉన్నారు, అందులో తెల్ల చొక్కా ఏదో పోల్చుకోలేకపోయాను. ఎక్కడికి పోతున్నామో, ఎవరి నోటితో ఏం వినబోతున్నామో అన్నీ ఆయనకే చెప్పి వచ్చాను. గోపమ్మ అంత బుద్ధిమంతురాలు జిల్లాలో లేదు.

మూడు ఇరవైకి కోటగడ్డ కనబడింది. గడ్డ అనడానికి ఏమీ మిగల్లేదు. మండపం స్తంభాలు పూర్తిగా మునిగి, కప్పు మాత్రం మంచమంత మేర పైకి ఉంది. దాని మీద ఒక మనిషి ముడుచుకుని ఉంది, కదలడం లేదు.

"రూపా!" లింగస్వామి అరుపుకు జానీ చేతిలో తెడ్డు జారబోయింది.

ఆ మనిషి చెయ్యి ఎత్తింది.

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు, దాచుకోవడానికి అక్కడెవరున్నారు? తాడు నడుముకు కట్టుకుని లింగస్వామి దూకాడు. రెండుసార్లు మునిగి లేచి, కప్పు అంచు పట్టుకుని పైకి పాకాడు. చెల్లెలిని గట్టిగా పట్టుకున్నాడు. రూప గొంతు అరిచి అరిచి పోయింది, పెదవులు మాత్రం కదులుతున్నాయి.

"తొందరగ ఎక్కున్రి," అని జానీ తెడ్డును రాతి సందులో దోపి పుట్టిని ఆనించాడు. "నలుగురికి సరిపోతది."

రూప ఎక్కలేదు. పుట్టిలోకి చూసింది, నా మొహంలోకి చూసింది, మళ్లీ పుట్టిలోకి చూసింది.

"అక్షిత ఏది?" అంది. గుసగుసగా వచ్చింది ఆ మాట.

"ఏ అక్షిత?"

"నా స్టూడెంట్. నిన్న పొద్దున బస్సుకు వచ్చింది. ఇద్దరం కలిసే ఈ గడ్డ మీదికి వచ్చినం." ఆగి ఆగి చెప్పింది. "గుడి తూర్పు గోడల మూడొందల పన్నెండో రాయి కొత్తది. అసలు బొమ్మను మాయంజేసి, నకలు చెక్కి, పాత నంబరేసి పెట్టిన్రు. లాడ్జి సారును అడిగినం. అసలుది కోటగడ్డ మీదనే ఇడిసిపెట్టిన్రమ్మా, సూపిస్త పదున్రి అన్నడు. తనకు చిన్నప్పటి నుంచి పుట్టి నడుపుడు ఎరుక అన్నడు. వచ్చినంక వరద పెరుగుతాంది, ఒక్కొక్కలనే దించుత అని ముందు అక్షితను తీస్కపోయిండు. నా ఫోన్, చున్నీ ఉన్న సంచి కూడ పుట్టిలనే పోయింది. ఫొటోలన్ని దాని ఫోన్‌లనే ఉన్నయి. ఎవలెవలికి పంపినమో అని తొవ్వంత అదే అడిగిండు. నా కోసం మళ్ల వస్తనన్నడు."

లింగస్వామి చెల్లెలి చెయ్యి వదల్లేదు. నేను పుట్టి అంచు మీదుగా ఆ కప్పు మీదికి పాకాను. అక్కడ లేచి నిలబడితే ఫోన్‌కు ఒక గీత సిగ్నల్ వచ్చింది. నీళ్ల హోరులో వినబడాలని స్పీకర్ పెట్టాను.

ప్రేమ్‌సాగర్ వెంటనే ఎత్తాడు. "దొరికిందా?"

"దొరికింది, బతికే ఉన్నది. రఘుపతి ఏడి? పట్టుకో, ఇడువకు!"

"రఘుపతి సారా? మీరు కనవడకుండ పోంగనే కారుల ఎల్లిపోయిండు. చిన్న కూతురుకు జ్వరం బాగ ఎక్కిందట, దవాఖానకు తీస్కపోతున్న అన్నడు. పాపం, వెనుక సీట్ల దుప్పటి కప్పుకొని సోయి లేకుండ పండుకున్నది. వరద సూడొచ్చిన జనంతోని రోడ్డు జామైంది. నేనే దగ్గరుండి బారికేడ్ తీయించి, సైరన్ బండి ముంగటిచ్చి పంపిన."

పుట్టిలో తెడ్డు పట్టుకుని ఉన్న జానీ తలెత్తాడు.

"ఆయనకు కూతురెక్కడిది మేడమ్?" అన్నాడు. "ఇద్దరు కొడుకులే."

ఆ మాట ఫోన్‌లో ప్రేమ్‌సాగర్‌కు కూడా వినబడింది.